ఒక్కరోజు ఫిట్‌నెస్

ఒడిశాలోని పొలసర బజారులో చేతక్ స్కూటర్ని ఓ పక్కకి ఒంచి, మళ్లీ నిలబెట్టి, దేవుణ్ణి తలుచుకుని కిక్కు కొట్టే పెద్దమనిషి కనిపిస్తే ఆయనే బావగారు. తెలుగువాళ్లకి బావగారు, ఒడియావాళ్లకి మౌసా. ఇలాంటివారు ఈయనొక్కరే అనుకునేరు! అస్కాలో ఉన్నారు, హింజిలిలో ఉన్నారు, బరంపురంలో వీధికొకరున్నారు.

స్కూటరు 2004 నాటిది. 2012లో ఒడిశా కొత్త బళ్లకి ఓడీ వచ్చినా, తన ప్లేటు మీద ఓఆర్ 07 ఉన్నందుకు ఆయనకి జమీందారీ గర్వం. "ఫైలిన్ తుపానుకి ఇంటి రేకులెగిరిపోనాయి గానీ నా బండి కదిలిందేటి?" అంటారు. "అప్పటికి మూణ్ణెల్లబట్టీ కదల్లేదు కదా," అని వంటింట్లోంచి అక్క.

సొంత బండి రిజిస్ట్రేషను పదిహేనేళ్లకి తీరిపోతుంది. ఫిట్‌నెస్ పరీక్షకి తీసుకెళ్లి చూపించి, పాసైతే మరో ఐదేళ్లు. బావగారి ఖర్మకొద్దీ ఆ పదిహేనేళ్లూ 2019 సెప్టెంబరులో, కొత్త జరిమానాలు మొదలైన నెలలోనే నిండాయి. భువనేశ్వర్‌లో ఓ ఆటోవాడికి 47,500 రూపాయలు రాశారని పేపర్లో చూసి, ఆ డబ్బుకి తన స్కూటర్లాంటివి ఎన్నొస్తాయో వేళ్ల మీద లెక్కపెట్టారు. వేళ్లు చాల్లేదు.

ముందు పొగ కాగితం. అది లేకపోతే పదివేల దాకా వేస్తారట. సైలెన్సరులో గొట్టం పెట్టి, ఇంజను ఊరికే తిరుగుతుంటే కార్బన్ మోనాక్సైడు చూస్తారు. ఆ వయసు ఫోర్‌స్ట్రోక్ బండికి మూడున్నర శాతం దాటకూడదు. గొట్టం పెట్టీ పెట్టగానే బావగారు ఎక్సిలేటరు మెలితిప్పారు. కుర్రాడు దగ్గుతూ, "ఆగు మౌసా!" అన్నాడు. "గట్టిగా ఊదితేనే కదరా తెలిసేది," అన్నారీయన.

అసలు ప్రతిభంతా ఫిట్‌నెస్ ముందురోజు బయటపడుతుంది. పెళ్లిచూపుల పూట పొరుగింటి గొలుసు పిల్ల మెళ్లో వేసినట్టు, స్కూటరుకి ఊరంతా తిరిగి నగలు తెస్తారు. "అద్దం ఓపాలిత్తావేటి? రేపు మజ్జాన్నానికి తెచ్చిచ్చేత్తాను." మరదలి మొగుడి బండి అద్దాలు, కిరాణాకొట్టాయన ఇండికేటరు, మేనల్లుడి స్టెపినీ టైరు. హారను ఎక్కడా దొరక్క ట్రెక్కరు జీపువాణ్ణి బతిమాలి తెచ్చారు. మర్నాడు ఉదయం బావగారి స్కూటరు ఒక్కటే నిక్షేపంగా ఉంది. వీధిలో మిగతా బళ్లన్నీ అవిటివైపోయాయి. అరువు దొరకనిది ఛాసిస్ నంబరొక్కటే. తుప్పు కింద ఉన్న దాన్ని కిరసనాయిలు పోసి తోమి, పైన కాగితం పెట్టి పెన్సిలు రుద్దితే నాలుగంకెలు పైకి తేలాయి. మిగతావి ఆయనే కంఠతా చెప్పారు.

ఇన్‌స్పెక్టరుగారు హారను కొట్టమన్నారు. ట్రెక్కరు హారను! ఆయన రెండడుగులు వెనక్కి దూకారు. తర్వాత బ్రేకు.

"బ్రేకు పట్టడం లేదేం మౌసా?"

"మా బజారులో బ్రేకెందుకు సారూ? ఆవులే ఆపేత్తాయి."

నవ్వారు గానీ సంతకం పెట్టలేదు. బావగారు ఎండలో ఓ మెకానిక్కుని పట్టుకుని, ఏళ్ల తరబడి వాయిదా వేసిన బ్రేకు షూలు మార్పించాల్సొచ్చింది. పాసయ్యారు. ఆ రెండు షూలూ తన డబ్బుతో కొన్నందుకు వారంరోజులు భోజనం సరిగ్గా చెయ్యలేదని అక్క చెప్పింది.

అరువు సామాన్లు చీకటిపడ్డాక గానీ ఇళ్లకి చేరలేదు. అద్దాలిచ్చిన తోడల్లుడు అరుగు మీద మొహం మాడ్చుకు కూర్చున్నాడు. మధ్యాహ్నం బరంపురం వెళ్తే పోలీసులు ఆపి చలానా రాశారట. బావగారు చలానా అందుకుని, కళ్లజోడు సవరించుకుని, మొదట్నుంచి చివరిదాకా చదివారు.

"తప్పు నీదేనయ్యా," అన్నారు. "అద్దాల్లేకుండా బండి రోడ్డెక్కించొచ్చా?"