తిరగేసి చూడాలె

మీకు చెప్పుకుంటే తప్పేముంది, మీ ఇంట్లోనూ సజ్జ మీద ఒక అట్టపెట్టె ఉండే ఉంటుంది. దసరా ముందు ఇల్లు దులిపేటప్పుడు దాన్ని దించుతాం. లోపలున్నవి ఒక్కొక్కటీ తీసి, దుమ్ము తుడిచి, కాసేపు చూసుకొని మళ్ళీ అందులోనే పెడతాం. ఆ పూట ఇంకే పనీ ముందుకు సాగదు. మొన్న దసరాకు మా నల్లగొండ ఇంట్లో నేను చేసిందీ అదే. కాకపోతే ఒక వస్తువును తిరిగి పెట్టెలో పెట్టలేదు. నా కష్టాలన్నీ అక్కడ మొదలైనయి.

అది నా టీవీ గేమ్. 1995 ఎండాకాలం సెలవుల్లో మా నాన్న కోఠి గుజరాతీ గల్లీలో కొని, ఆర్టీసీ బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చిండు. దాంతోపాటు పసుప్పచ్చ క్యాసెట్ ఒకటి. దాని మీద '9999 ఇన్ 1' అని ఉండేది. తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలు! ఆ లెక్క గల్లీ అంతటికీ చెప్పుకున్నాను. లోపల ఉన్నవి ఇరవయ్యో ముప్ఫయ్యో ఆటలేననీ, అవే పేర్లు మార్చుకొని మళ్ళీ మళ్ళీ వస్తున్నాయనీ నాకు తెలిసేసరికి సెలవులైపోయాయి. తెలిసిన సంగతి మాత్రం గల్లీలో ఎవరికీ చెప్పలేదు.

కొత్త అడాప్టర్ తెచ్చి, పసుపు తెలుపు వైర్లు టీవీ వెనక గుచ్చితే మిషన్ మీద ఎర్ర లైటు వెలిగింది. క్యాసెట్ మాత్రం లేవలేదు. తెర నిండా గీతలు. బయటికి లాగి ఊదాను. మీరూ ఊదినవాళ్ళే, నవ్వకండి. మా బిడ్డ ఇంటర్ చదువుతుంది, అది ఫోన్‌లో ఏదో చదివి చల్లగా చెప్పింది: "డాడీ, ఊదితే బాగుకాదంట. తీసి మళ్ళ పెడితే పిన్నులు సరిగ తగులుతయి, గంతే. నోటి తడికి పిన్నులు చిలుం పడతయంట." అంటే చిన్నప్పుడు నేను ప్రాణం పోస్తున్నాననుకుంటూ రోజింత చంపుకుంటూ వచ్చానన్నమాట.

కొత్త క్యాసెట్ కొనాలి. అందులో సూపర్ మారియో ఉండాలి. అసలుది కొనాలా, ఇప్పుడు తయారుచేసి అమ్ముతున్న నకలు కొనాలా? ఈ ప్రశ్న మీద నాలుగు రాత్రులు దుప్పటి కింద ఫోన్ పట్టుకొని కూర్చున్నాను. మా ఇంటామె అది చూసి, పాలమూరు బైపాస్ పక్కన ప్లాట్లు చూస్తున్నాననుకుంది. ఆ నాలుగు రోజులూ చాయ్‌లో చక్కెర సరిగ్గా పడింది. ఐదో రోజు నిజం తెలిసింది. ఆ తర్వాత చాయ్ సంగతి అడగొద్దు.

నిజానికి అసలు నకలు తేడా చెప్పడానికి నాకంటే తగినవాడు ఎవడు? తహసీల్ ఆఫీసులో చేరిన కొత్తలో నా పనే పహాణీ నకళ్ళు రాసివ్వడం. అసలు ప్రతితో సరిచూసినట్టు ముద్ర కొట్టి, కింద పొట్టి సంతకం పెట్టిన చెయ్యి ఇది. ఆ ధీమాతోనే ఒకరోజు అన్నాలు తినేటప్పుడు అందరికీ పాఠం చెప్పాను. నకలు క్యాసెట్ మీది బొమ్మ అలికినట్టు ఉంటుంది. విప్పితే అసలుదానిలో బోర్డు మీద నింటెండో పేరు అచ్చయి ఉంటుంది, నకలులో ఉండదు. కొన్ని చవక నకళ్ళలో 3.3 వోల్టుల చిప్పు తెచ్చి 5 వోల్టుల మిషన్‌లో నేరుగా కూర్చోబెడతారు, ఇవాళ ఆడినా రేపు రెండింటికీ మంచిది కాదు.

"వోల్టులా?" అంది ఆమె, పప్పు వడ్డిస్తూ. "ఫ్రిజ్జుకు స్టెబిలైజర్ తెమ్మని ఆరు నెలలాయె. ముందు గా వోల్టుల ముచ్చట చూడు."

ఇది ఖర్చు కాదు, పెట్టుబడి అని కూడా చెప్పి చూశాను. 2021 జూలైలో అమెరికాలో సూపర్ మారియో 64 క్యాసెట్ ఒకటి వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లకు పోయింది. ఆమె చెయ్యి ఆగింది. నాకు ఆశ పుట్టింది. సీలు విప్పని పెట్టె కాబట్టి అంత పలికిందని నిజాయితీకి పోయి చెప్పాను. "సీలు ఇప్పకుంట? పిల్లల పుట్టినరోజుకు తెచ్చిన బొమ్మల డబ్బాలు రాత్రికి రాత్రి ఇప్పి చూసినోనివి, నువ్వు సీలు ఆపుతవా?" అంది. పిల్లలిద్దరూ తలలూపారు. ఇంట్లో సాక్షులు అందరూ ఒకవైపే ఉంటారు, మీ ఇంట్లో ఎట్లనో.

మొదటి క్యాసెట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. బూడిదరంగు డబ్బా, చూడముచ్చటగా ఉంది. మిషన్‌లో పెడితే దూరలేదు. కొంచెం నొక్కాను. ఇంకొంచెం నొక్కాను. మా చిన్నోడు ఏడో తరగతి, వాడు వచ్చి రెండు క్యాసెట్ల మూతులూ పక్కపక్కన పెట్టి పిన్నులు లెక్కపెట్టాడు. మనదానికి 60, కొత్తదానికి 72. జపాన్‌లో 1983లో వచ్చిన ఫామికామ్ మిషన్‌కు 60 పిన్నుల క్యాసెట్, తర్వాత అమెరికాలో అమ్మినదానికి 72. వోల్టుల దాకా చదివిన నేను పిన్నులు మాత్రం లెక్కపెట్టలేదు. దాన్ని వాపసు కూడా తీసుకోం అన్నారు. అది ఇప్పుడు మా ఇంట్లో కరెంటు బిల్లులు ఎగరకుండా బరువు పెట్టుకోవడానికి పనికొస్తోంది. ఆ మాటకొస్తే దానంత నమ్మకంగా పనిచేసే వస్తువు నేనింకోటి కొనలేదు.

రెండోసారి నేనే హైదరాబాద్ పోయాను. ఒక షాపు, పేరెందుకులెండి. 350 రూపాయలకు ఒకటి చూపించి, "ఇది డూప్లికేట్ సార్" అన్నాడు. పక్కన అదే రంగు, అదే బొమ్మ, కాస్త మెరుపు ఎక్కువున్న ఇంకోటి పెట్టి, "ఇది జపాన్ ఒరిజినల్, 1,200" అన్నాడు. విప్పి చూడాలని నాకు తెలుసు. నాలుగు రాత్రులు చదివింది అదే కదా. కానీ అతను నన్ను 'సార్‌కు తెలుసు' అన్నాడు. సార్‌కు తెలుసు అన్నాక సార్ స్క్రూడ్రైవర్ అడిగితే బాగుంటుందా? 1,200 ఇచ్చి వచ్చాను.

ఇంట్లో ఆమె దాన్ని చేతిలోకి తీసుకొని ముందు చూడనే లేదు, తిరగేసింది. ఆ తిరగెయ్యడం నాకు తెలుసు. పెళ్ళైన మూడో ఏడు నేను పోచంపల్లి పట్టు చీర అని ఒకటి తెచ్చాను. ఆమె పుట్టిల్లు నారాయణపేట. మగ్గాల చప్పుడు వింటూ పెరిగిన మనిషి. చీర మడత విప్పి, కొంగు తిరగేసి, "ప్రింటు" అని ఒక్క మాట అంది. పోచంపల్లిలో నూలుకు ముందే చిటికి కట్టి రంగులో ముంచి తర్వాత నేస్తారు, అందుకే డిజైన్ రెండు పక్కలా ఒక్క తీరే కనపడుతుంది. నా చీరకు వెనకంతా వెలిసిపోయిన తెలుపు. ఆ చీర ఇప్పుడు మా ఇంట్లో కుట్టుమిషన్ మీద కప్పుగుడ్డ.

"స్క్రూడ్రైవర్ తేరా" అంది చిన్నోడితో.

విప్పాం. చిన్న పచ్చ బోర్డు, దాని నడుమ తారు చుక్క కారినట్టు నల్లటి బొట్టు. నింటెండో పేరు కాదు కదా, ఏ పేరూ లేదు. నాకు కోపం వచ్చింది. షాపతన్ని తిట్టాను, కాలాన్ని తిట్టాను, ఇప్పుడొచ్చే సరుకంతా దొంగ సరుకని తేల్చాను. "మా నాన్న తెచ్చిందీ ఉంది, చూడండి! ముప్ఫై ఏళ్ళైనా రంగు పోలేదు. అదీ ఒరిజినల్ అంటే!"

అనకుండా ఉండాల్సింది. చిన్నోడి చేతిలో స్క్రూడ్రైవర్ ఇంకా ఉంది.

పసుప్పచ్చ 9999 కూడా తెరుచుకుంది. లోపల చిన్న పచ్చ బోర్డు. దాని నడుమ నల్లటి బొట్టు. రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి, పెద్దోడు కొంచెం మురికి, అంతే.

తర్వాతి సంగతి మా బిడ్డ చెప్పింది. అప్పట్లో మన బజార్లలో లిటిల్ మాస్టర్ లాంటి రకరకాల పేర్లతో అమ్మినవి దాదాపు అన్నీ ఆ జపాన్ ఫామికామ్‌ను చూసి చేసినవేనట. మిషనూ నకలే, క్యాసెట్టూ నకలే. మా పానగల్ ఛాయా సోమేశ్వర గుడిలో లింగం మీద నీడ ఉంటుంది చూడండి, ఇదిగో ఈ స్తంభానిదే అనుకొని పోయి నిలబడితే అది ఏ ఒక్కదానిదీ కాదు. నేనూ అట్లాగే నిలబడ్డాను, చేతిలో నాలుగు స్క్రూలతో.

"అంటే," అంది ఆమె నెమ్మదిగా, "నకలు పోయిందని నకలు తెచ్చి, అసలుది కాదని ఏడుస్తున్నవా?"

ముద్ర కొట్టి సంతకం పెట్టినట్టుగా ఉంది ఆ మాట. నేను అప్పీలుకు పోలేదు.

అయినా మీరూ ఎప్పుడో ఒకనాడు ఆ దుప్పటి కింద కూర్చుంటారు కాబట్టి చెప్తున్నాను. దాచిపెట్టి రేపు అమ్ముకుందామనుకుంటే నకలు జోలికి పోకండి, అసలుదే విప్పి చూసి కొనండి. జపాన్ నుంచి తెచ్చుకున్న అసలు మిషన్ ఉంటే అందులో చవక నకలు గుచ్చకండి. నాలాగా పాత బజారు మిషన్ ఉండి, సాయంత్రం ఒక గంట ఆడుకోవడానికైతే నకలే కొనండి, హాయిగా. నకలు అని చెప్పి అమ్మినవాడి దగ్గర కొనండి. ఆ 350 నాది కరెక్టు ధర. మిగిలిన 850 'సార్‌కు తెలుసు' అన్న మాటకు కట్టాను. ఇక ఆ తుపాకీ ఆట మీద ఆశ పెట్టుకోకండి. డక్ హంట్ పిస్తోలు పాత డబ్బా టీవీ వెలుగును పట్టే లెక్కతో చేసింది. ఎల్ఈడీ టీవీ ముందు రెండు గంటలు కాల్చాను, ఒక్క బాతు చావలేదు. కుక్క నవ్వింది. వెనక ఇంకో ముగ్గురు నవ్వారు.

నకలు మారియో మాత్రం మొదటిసారికే లేచింది, ఊదకుండానే. ఆ పాట మొదలు కాగానే ఆమె వంటింట్లోంచి వచ్చి, చెయ్యి చీరకు తుడుచుకొని, "ఇటివ్వు" అంది. నారాయణపేటలో వాళ్ళ పెద్దనాన్న కొడుకు దగ్గర ఈ గేమ్ ఉండేదట. పద్దెనిమిదేళ్ళ సంసారంలో ఈ ముచ్చట నాకు ఎన్నడూ చెప్పలేదు. రెండో లెవెల్‌లో భూమి కింద, అందరూ కింద నడిచే చోట ఆమె పైకప్పు మీదికి ఎక్కింది. చివరిదాకా పరుగెత్తి దిగితే అక్కడ మూడు గొట్టాలు. ఒకదాంట్లో దిగి తిన్నగా నాలుగో లోకంలో తేలింది. ముప్ఫై ఏళ్ళలో నాకు ఆ దారి తెలియదు.

రెండో రిమోట్ నా చేతిలో ఉంది. నాది లూయిజీ. ఈ ఆటలో ఇద్దరూ ఒకేసారి ఆడడం కుదరదు, మారియో చస్తేనే లూయిజీ వంతు వస్తుంది. ఆమె చావడం లేదు. ఎల్లిపాయల గిన్నె నా ఒళ్ళో పెట్టి, "ఖాళీగనే ఉన్నవ్ గద, పొట్టు తియ్యి" అంది. పావుకిలో అయిపోయింది. ఇంకా నా వంతు రాలేదు.