పోయాక పుట్టిన గిరాకీ

ఐప్యాడ్‌ పని పడతామంటూ హెచ్‌పీ వారు 2011 జులైలో టచ్‌ప్యాడ్‌ అనే ట్యాబ్లెట్‌ను దించారు. ధర 499 డాలర్ల పైమాటే. జనం అటు తిరిగి చూస్తే ఒట్టు! దానికి ప్రాణం పోసిన వెబ్‌ఓఎస్‌ అనే ఆపరేటింగ్‌ సిస్టమ్‌ కోసం అంతకుముందు ఏడాదే పామ్‌ కంపెనీ కొనుగోలు మీద 120 కోట్ల డాలర్లు కుమ్మరించారు పాపం. ఏడు వారాలు గడిచాయో లేదో, ఆగస్టు 18న ‘ఇక మావల్ల కాదు’ అని చేతులెత్తేశారు.

మిగిలిన సరుకును 99 డాలర్లకు తెగనమ్మడం మొదలుపెట్టగానే దుకాణాల ముందు తిరనాళ్లే! యాప్‌లు లేవని పెదవి విరిచినవాళ్లే తోసుకుంటూ ఎగబడ్డారు. తయారీ ఖర్చే 300 డాలర్లు దాటుతుందని నిపుణుల లెక్క. అంటే ఒక్కోదానికి రెండొందల డాలర్లు ఎదురిచ్చి సాగనంపారన్నమాట. అక్కడితో ఆగారా? గిరాకీ బ్రహ్మాండంగా ఉందని ఇంకో విడత తయారుచేయించారు! ఆపేసిన సరుకు, అదీ నష్టానికి!

సెప్టెంబరు 22న సీఈఓ లియో అపోథెకర్‌కూ బోర్డు ఉద్వాసన పలికింది. ఆయన్ను మాత్రం చవగ్గా వదిలించుకోలేకపోయారు. పరిహారమే 72 లక్షల డాలర్లు. బోనస్‌, షేర్లు అదనం.