చిక్కటి ఆయిల్ పోయిస్తామంటే ఒప్పుకోకండి

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, సర్వీసుకిచ్చిన కారుకల్లా షెడ్డులో ఒకటే సలహా. "మన ఎండలకు ఈ నీళ్లలాంటి ఆయిల్ ఆగదు సార్, 20డబ్ల్యూ-50 పోసేద్దాం, ఇంజిన్ పదికాలాలుంటుంది." చెప్పేవారి ఉద్దేశం చెడ్డది కాదు. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు విప్పి బిగించిన గురువుల దగ్గర పని నేర్చుకున్నవారు వాళ్లు. ఆ బళ్లకు ఆ మాట చెల్లింది. ఇప్పటి మారుతీ, హోండా, టయోటా పెట్రోలు ఇంజిన్లలో చాలావాటికి కంపెనీ చెప్పేది 0డబ్ల్యూ-20. కొన్నిటికి 0డబ్ల్యూ-16 కూడా. మాన్యువల్ పల్చటి ఆయిల్ పోయమన్నప్పుడు అదే పోయించండి. ఆ ఇంజిన్‌కు అదే రక్షణ.

ముందు ఎండ సంగతి తేల్చుకుందాం. రెంటచింతలలో 45 డిగ్రీలు కాయనివ్వండి. బాగా వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ ఉండేది దాదాపు 90 నుంచి 110 డిగ్రీల మధ్య. బయట ఎండైనా చలైనా లోపలి వేడిని ఒక తీరున ఉంచడానికే రేడియేటరూ థర్మోస్టాటూ ఉన్నాయి. డబ్బా మీద చివరి అంకె చెప్పేది ఈ వేడిలో చిక్కదనమే. 100 డిగ్రీల దగ్గర 20 గ్రేడు ఆయిల్ 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 మధ్య. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది. ఇంజిన్ తిప్పే పరీక్షను 0డబ్ల్యూకి మైనస్ 35 దగ్గర, 20డబ్ల్యూకి మైనస్ 15 దగ్గర పెడతారు.

"మనకు మైనస్ చలి ఎక్కడిది, ముందు అంకెతో పనేంటి?" అని వెంటనే అడుగుతారు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఇంజిన్ లెక్కలో మన వేసవి ఉదయం కూడా చలే. 40 డిగ్రీల దగ్గర మామూలు 20డబ్ల్యూ-50 చిక్కదనం 160 సెంటీస్టోక్స్ దరిదాపుల్లో ఉంటుంది. వేడెక్కాక అదే ఆయిల్ 18కి దిగుతుంది. అంటే పొద్దున్నే తాళం తిప్పేసరికి అది పనిచేయాల్సిన చిక్కదనానికి తొమ్మిది రెట్లు చిక్కగా, ఆముదంలా ఉంటుంది. అదే 40 డిగ్రీల దగ్గర 0డబ్ల్యూ-20 చూడండి, 45 దరిదాపుల్లోనే ఉంటుంది. ఆయిల్ ఉన్నది కింద సంపులో. క్యామ్ షాఫ్ట్ ఉన్నది పైన సిలిండర్ హెడ్‌లో. పంపు ఆయిల్‌ను అక్కడికి చేర్చేదాకా పైభాగాలు పాత తడి మీదే తిరగాలి. ఇంజిన్ అరుగుదలలో పెద్ద వాటా ఈ స్టార్టుదీ, ఆ తర్వాత వేడెక్కేదాకా పట్టే కాసేపటిదీ. నాలుగు కిలోమీటర్లు పోయి ఆఫీసు దగ్గర ఆగిపోయే కారుకైతే రోజూ ప్రయాణమంతా అదే కాసేపు.

"చిక్కటి పొర మందంగా ఉంటుంది కదా?" ఉంటుంది, కాదనను. కానీ బేరింగులో లోహాన్ని లోహం తాకకుండా ఆపేది ఒక్క చిక్కదనమే కాదు. తిరిగే షాఫ్టు తన వేగంతోనే ఆయిల్‌ను సందులోకి లాక్కుంటుంది, అక్కడ పుట్టిన ఒత్తిడి మీద తేలుతుంది. ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1886లోనే దీనికి లెక్క కట్టాడు. షాఫ్టు వేగం, దాని మీద బరువు, బేరింగు వెడల్పు, సందు అన్నీ ఆ లెక్కలో ఉంటాయి. పల్చటి ఆయిల్‌కని గీసిన ఇంజిన్‌లో ఇవన్నీ ఆ ఆయిల్‌ను చూసే నిర్ణయించారు. అందులో 50 గ్రేడు పోస్తే బేరింగు గుండా పారే ఆయిల్ తగ్గుతుంది, రాపిడి వేడి పెరుగుతుంది. ఆ వేడిని మోసుకుపోవాల్సింది కూడా ఆ ఆయిలే. మైలేజీ తగ్గడం దీనికి అదనం.

గేజి చూపించి మురిసిపోయేవారి మాట అసలు నమ్మకండి. చిక్కటిది పోస్తే ఆయిల్ ప్రెషర్ పెరుగుతుంది, నిజమే. ప్రెషర్ చెప్పేది ఆయిల్ పారడానికి ఎంత అడ్డు ఉందో. భాగాలకు ఎంత ఆయిల్ చేరిందో కాదు. ప్రెషర్ హద్దు దాటితే రిలీఫ్ వాల్వు తెరుచుకుని పంపు తోడిన ఆయిల్‌లో కొంత వెనక్కే పోతుంది. ఇప్పటి కార్లలో వాల్వు టైమింగును మార్చేది కూడా ఆయిల్ ప్రెషరే. సన్నటి దారుల్లో చిక్కటి ఆయిల్ నెమ్మదిస్తే ఆ మార్పు ఆలస్యమవుతుంది.

బండి ఆయిల్ తాగుతోందని చిక్కటిది పోయడం మరో అలవాటు. అరిగిన రింగులు, గట్టిపడిన వాల్వు సీళ్లు దాంతో బాగుపడవు. పొగ కొన్నాళ్లు తగ్గుతుంది, ఇంజిన్ బోరుకొచ్చిన సంగతి మీకు ఆలస్యంగా తెలుస్తుంది.

పల్చటిది మేలు కదా అని మాన్యువల్‌లో లేని గ్రేడుకు మాత్రం దిగకండి. పాత ఇంజిన్‌కు 15డబ్ల్యూ-40 అని రాసి ఉంటే 0డబ్ల్యూ-16 పోయడం తప్పే. బీఎస్-6 డీజిల్ కారుకు గ్రేడుతో పాటు బూడిద తక్కువ మిగిల్చే రకమూ కావాలి, లేకపోతే పొగగొట్టంలోని ఫిల్టర్ పూడుకుపోతుంది. కారు ఆయిల్ బైకులో పోయకండి. చాలా బైకుల్లో క్లచ్ కూడా ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, జారుతుంది. కొండదారుల్లో నిండు బరువుతో తిరిగే కార్లకు కొన్ని మాన్యువళ్లు ఒక మెట్టు చిక్కటిది వాడవచ్చని రాస్తాయి. మీ దాంట్లో ఉంటే అది పాటించండి.

గ్రేడు ఎంత సరైనదైనా గడువు దాటిన ఆయిల్ కాపాడదు. డబ్బా సీలు మీ ఎదుటే తీయించండి, ఫిల్టర్ కూడా మార్పించండి, డిప్‌స్టిక్ మీరే తీసి చూడండి. ఈసారి సర్వీసుకిచ్చే ముందు మాన్యువల్‌లో ఆయిల్ గ్రేడు ఉన్న పేజీని ఫోటో తీసి మేస్త్రీకి చూపించండి. ఆ గ్రేడునే జాబ్ కార్డులో రాయించి, అప్పుడు తాళం చేతికివ్వండి.