పెరట్లో పిల్లి, నిప్పుల మీద కోడి: ఆదివారం హాయికి ఎనిమిది చిట్కాలు

ఆదివారం పొద్దున ఊరికే కూర్చోవడం చేతకానివాళ్ళ కోసం ఈ చిట్కాలు. పలమనేరు వాళ్ళకు ఇవి మరీ అనుకూలం. ఊరు సముద్రమట్టానికి ఆరేడు వందల మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, తిరుపతిలో ఫ్యాన్లు తిరిగే రోజుల్లో కూడా ఇక్కడ పొద్దున్నే నిప్పు దగ్గర చేతులు కాచుకోవచ్చు. పెరట్లో ఒక మునగ చెట్టు, దాని పక్కన నీళ్ళ తొట్టి, తొట్టి గట్టు మీద ఎండ పడే చోటు చూసుకుని ఒక పిల్లి. ముందుకాళ్ళు ఛాతీ కిందికి మడుచుకుని, కళ్ళు సగం మూసి, ఏ పనీ పెట్టుకోకుండా కూర్చుని ఉంటుంది. మనకు సమస్య అక్కడే. ఇంట్లో ఒక ప్రాణి అంత హాయిగా ఉంటే చూస్తూ ఊరుకోకూడదు.

1. హాయికి టైంటేబుల్ వేయండి

అయిదున్నరకు లేవడం. ఆరుకు బొగ్గులు. ఆరుంబావుకు పిల్లి. ఏడుకు కోడి. ఏడున్నరకు ఫొటో. దీన్ని రాసి వంటింటి తలుపుకు అంటించండి. "మధ్యాహ్నం ఇంత సంగటి కెలికి, కోడిపులుసు చేసుకుంటే పోలా?" అని ఇంట్లోవాళ్ళు అంటారు. చెవిన పెట్టొద్దు. గ్యాస్ పొయ్యి మీద గంటలో తెమిలే పనిని పెరట్లో నాలుగు గంటలు చేసినప్పుడే దానికి విశ్రాంతి అనే పేరు వస్తుంది.

2. తాడు మెడకే కట్టండి

పిల్లిని బయట తిప్పేవాళ్ళు ఛాతీ చుట్టూ, ముందుకాళ్ళ వెనక నుంచి వచ్చే హార్నెస్ తొడుగుతారు. పట్టీకీ ఒంటికీ నడుమ ఒకటి రెండు వేళ్ళు దూరేంత సందు ఉంచుతారు. అదంతా దండగ ఖర్చు. ఆవుల పలుపు ఉంది కదా! మన ఊరి పశు పరిశోధన కేంద్రంలో కాపాడుతున్న పుంగనూరు ఆవులు నడుము ఎత్తు కూడా ఉండవు. వాటి పలుపు పిల్లికి అటూ ఇటూగా సరిపోవాలి.

పిల్లి కాలర్ బోన్ తక్కిన ఎముకలకు అతుక్కుని ఉండదనీ, కండరాల మధ్య వదులుగా ఉంటుందనీ, అందుకే తల పట్టిన సందులోంచి ఒళ్ళంతా జారిపోగలదనీ పశువైద్యులు చెబుతారు. అంటే మెడకు వదులుగా కడితే జారుకుంటుంది, బిగిస్తే ఊపిరాడదు. ఈ రెంటి నడుమ సరైన ముడి ఎక్కడో ఉండే ఉంటుంది. దాన్ని వెతకడానికే దేవుడు మీకు రెండు చేతులిచ్చాడు, పిల్లికి నాలుగు కాళ్ళా గోళ్ళిచ్చాడు.

3. మొదటి రోజే వీధిలోకి

ఓపిక ఉన్నవాళ్ళు హార్నెస్‌ను కొన్నాళ్ళు పిల్లి గిన్నె పక్కన పడేసి ఉంచుతారు, వాసన అలవాటు కావాలని. తర్వాత ఇంట్లోనే కాసేపు తొడిగి, ఒక చేప ముక్క పెట్టి, విప్పేస్తారు. కొన్ని వారాలకు పెరట్లోకి తెస్తారు. అక్కడ కూడా పిల్లి ఎటు పోతే అటు వాళ్ళే వెనక నడుస్తారు. మనకు అంత తీరిక లేదు. ఏడున్నరకు ఫొటో ఉంది.

కట్టిన మరుక్షణం పిల్లి పక్కకు ఒరిగి పడిపోతుంది. కంగారు పడకండి. ఒంటి మీద ఏదో పట్టుకున్నట్టు తోచి కదలడం మానేస్తుంది, అంతే. లేపి నిలబెట్టండి. మళ్ళీ పడుతుంది. ఇంకోసారి లేపితే పొట్ట నేలకు ఆనించి, తల వంచి, వెనక్కి వెనక్కి పాకుతుంది. తాడులోంచి తల తప్పించుకోవడానికి దానికి తెలిసిన ఉపాయం అదే. మీరు గట్టిగా ముందుకు లాగండి. దానికి కావలసిన సాయం అందినట్టే.

ఈలోగా పక్కింటి అవ్వ గోడ మీదుగా తొంగి చూసి, "పిల్లిని మేపను తోలకపోతా ఉండావా నాయనా?" అంటుంది. "ట్రైనింగ్ అవ్వా" అని గంభీరంగా చెప్పండి. "అట్లనా. పూటకెన్ని పాలిస్తాది?" అంటుంది. అక్కడ నిలబడకుండా ముందుకు సాగండి.

4. ఏనుగుల పాఠం సగమే నేర్చుకోండి

పలమనేరు చుట్టుపక్కల జంతువుల శిక్షణ గురించి ఎవరూ మనకు చెప్పనక్కర్లేదు. 1990లో ఏర్పాటైన కౌండిన్య అభయారణ్యం నుంచి ఏనుగులు దిగి పొలాలు తొక్కేస్తుంటే, వాటిని అడవిలోకి మళ్ళించడానికి 2025లో కర్ణాటక నుంచి కుంకీలను, అంటే శిక్షణ పొందిన ఏనుగులను తెప్పించారు. వాటికి ఇక్కడికి దగ్గర్లోనే, ముసలిమడుగులో శిబిరం పెట్టారు. టన్నుల బరువున్న కుంకీ మావటి మాట వింటుంటే మూడు నాలుగు కిలోల పిల్లి వినదా? బరువు లెక్కన చూస్తే వెయ్యోవంతు కష్టం చాలు.

మావటి ఏళ్ళ తరబడి ఆ ఏనుగుతోనే బతుకుతాడు. దాన్ని రుద్ది స్నానం చేయిస్తాడు, తన చేత్తోనే ముద్దలు పెడతాడు, చెవుల కదలికను బట్టి దాని మనసు కనిపెడతాడు. ఆ సగం మనకొద్దు. గద్దించడం ఒక్కటీ తీసుకోండి. పిల్లి చెవులు వెనక్కి అణిచి, తోకను అటూ ఇటూ విసురుతుంటే సంతోషంగా ఉందని అనుకోండి. కుక్క తోక ఊపినప్పుడు అట్లాగే కదా అనుకుంటాం!

5. నిప్పులకు తొందర నేర్పండి

తెలిసినవాళ్ళు అడుగున టెంకాయ పీచు, ఎండిన చిప్పలు పేర్చి, పైన కట్టెబొగ్గులు పోసి అంటిస్తారు. మంట చల్లారి, బొగ్గుల మీద తెల్లగా నివురు కప్పేదాకా అరగంట కూర్చుంటారు. ఆ తర్వాత నిప్పులను ఒక పక్కకు జరుపుతారు. లావు ముక్కలు నిప్పు లేని వైపు నిదానంగా ఉడుకుతాయి, చివర్లో ఒక్కసారి నిప్పు మీదికి వచ్చి రంగు తేలతాయి. ఆ అరగంట ఏం చేస్తారంటే, ఏమీ చేయరు. ఊరికే కూర్చుంటారు. చూశారా ఎంత ప్రమాదమో!

మీరు ఇంత కిరసనాయిలు గుమ్మరించి, మంట మోకాలెత్తు లేచినప్పుడే ముక్కలు పెట్టండి. కోడిమాంసానికి లోపల 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితేగానీ తినకూడదంటారు. మీ ముక్క పైన మాడి, ఎముక దగ్గర ఎర్రగా, మొత్తానికి కిరసనాయిలు కంపుతో ఉంటుంది. కోడిని కూడా బాగా ముదిరిన నాటుకోడినే ఎంచుకోండి. అది పులుసులో ఉడికితే మెత్తబడుతుంది, నిప్పుల మీద గట్టిపడుతుంది. నమలడానికి పట్టే సమయం కూడా విశ్రాంతి లెక్కలోకే వస్తుంది.

6. తాడు రెండో కొసను పొయ్యి కాలికి కట్టండి

ఒక చేతిలో విసనకర్ర, ఇంకో చేతిలో పట్టకారు. మరి పిల్లిని ఎవరు పట్టుకోవాలి? ఇనుప పొయ్యికి కాళ్ళున్నాయి. ఒకదానికి కట్టేయండి. నూనె చుక్క నిప్పు మీద పడి చిటపటమంటే పిల్లి ఎగిరి దూకుతుంది. వెంట పొయ్యి కూడా వస్తుంది.

పిల్లీ నిప్పూ కలిసిన కథ మనవాళ్ళకు కొత్త కాదు. నలుగురు వర్తకులు దూది కొట్లో ఎలుకల కోసం పిల్లిని పెంచి, తలా ఒక కాలు పంచుకున్నారు. దెబ్బ తగిలిన కాలికి దాని సొంతదారు నూనె గుడ్డ చుట్టాడు. గుడ్డకు నిప్పంటుకుని పిల్లి దూదిలోకి పరుగెత్తింది. మంచి కాళ్ళు మూడూ మోసుకుపోబట్టే కొట్టు తగలబడింది కాబట్టి, ఆ ముగ్గురే నాలుగోవాడికి నష్టం కట్టాలని మర్యాదరామన్న తీర్పు చెప్పాడు. అందుకని ముందుజాగ్రత్తగా ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, పిల్లి కాళ్ళు పంచేయండి. కుంటికాలు మీ పేర రాయించుకోండి.

7. పిల్లికీ అదే వడ్డించండి

కొందరు ఉప్పూ కారం లేకుండా ఒక ముక్క విడిగా ఉడికించి, ఎముక తీసి, చల్లార్చి పిల్లికి పెడతారు. అది పంక్తిభేదం. పెరుగు, కారం, ఎర్రగడ్డ, తెల్లగడ్డ ముద్ద పట్టించిన ముక్కే పెట్టండి. ఎర్రగడ్డా తెల్లగడ్డా పిల్లి నెత్తురులోని ఎర్రకణాలను పగలగొడతాయి. కొన్ని రోజులకు చిగుళ్ళు తెల్లబడి, పిల్లి నీరసపడుతుంది. అప్పుడు "ట్రైనింగ్ ఫలించింది, నెమ్మదించింది" అని చెప్పుకోవచ్చు. కాల్చిన ఎముక చీలికలై గొంతులో గుచ్చుకుంటుంది, దాన్నీ వదలకండి. చివర్లో మైసూరుపాకు. తీపిని గుర్తించే జన్యువు పిల్లిజాతిలో పనిచేయదని 2005లో శాస్త్రవేత్తలు తేల్చారు. పాకం ముదిరిందని వంక పెట్టని అతిథి మీకు ఇంకెక్కడ దొరుకుతుంది?

8. తెనాలి రామకృష్ణుడే మనకు గురువు

రాయలవారు పిల్లినీ, దానికి పాల కోసం ఆవునూ ఇస్తే, రామకృష్ణుడు మొదటి రోజే కాగే పాలు పెట్టాడని కథ. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె కనబడితే పారిపోయింది. ఒక్క పూటలో శిక్షణ పూర్తి! చేప ముక్క ఆశ చూపి, ఒక్కో అడుగూ నేర్పేవాళ్ళు ఈ వేగాన్ని కలలో కూడా అందుకోలేరు. భయపెట్టి నేర్పితే పిల్లి నేర్చుకునేది నేర్పినవాడికి దూరంగా ఉండటం ఒక్కటేనని వాళ్ళ వాదన. అదీ చదువే కదా!

కొన్ని సందేహాలు

పిల్లి తాడుతో సహా మునగ చెట్టెక్కింది. ఏం చేయాలి?
తాడు కొమ్మకు చుట్టుకునే లోపు దించాలి. మునగ కొమ్మ మీ బరువుకు పుటుక్కున విరుగుతుంది కాబట్టి నిచ్చెన కావాలి. నిచ్చెన పక్కింటి అవ్వ దగ్గర ఉంది. పాల సంగతి మళ్ళీ అడుగుతుంది, సిద్ధపడి వెళ్ళండి.

చెయ్యంతా గీరేసింది.
సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడుక్కుని, రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్ళమంటారు డాక్టర్లు. టైంటేబుల్లో ఆ పావుగంట లేదు. ఫొటో అయ్యాక చూసుకోవచ్చు అనుకునేవాళ్ళు ఈ చిట్కాలకు నిజమైన వారసులు.

ఫొటోలో పిల్లి లేదు, కోడి నల్లగా ఉంది.
నవ్వండి. మీరున్నారు కదా.

ఇవన్నీ అయ్యాక విశ్రాంతి ఎప్పుడు?
సోమవారం, ఆఫీసులో.