వోల్టు మామయ్య

మద్రాసులో తెలుగువాళ్లున్న ప్రతి వీధికీ ఒక వోల్టు మామయ్య ఉంటాడు. సాలిగ్రామంలో అయితే ఇద్దరుంటారు, వాళ్లిద్దరికీ మాటలుండవు. సినిమా మొత్తం హైదరాబాదుకి తరలిపోయినా తాను తరలని బాపతు. ఒకప్పుడు ఏ స్టూడియోలోనో స్టిల్ ఫొటోగ్రాఫరు దగ్గర అసిస్టెంటు అయ్యుండచ్చు, బ్యాంకులో హెడ్ క్లర్కూ అయ్యుండచ్చు. గుర్తుపట్టాలంటే చొక్కా జేబు చూస్తే చాలు. పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు ఉంటుంది.

శుక్రవారం పొద్దున్నే అష్టలక్ష్మి గుడికని ఇంట్లో చెప్పి పల్లావరం సంతలో తేలతాడు. తుప్పు పట్టిన మిక్సీలకీ రెక్కలు లేని ఫ్యాన్లకీ మధ్య నుంచి ఓ పాత కెమెరా పైకి తీసి, "ఇదు వేలై సెయ్యుమా?" అని అడుగుతాడు. "బ్యాటరీ పోట్టా సెయ్యుం సార్" అంటాడు అమ్మేవాడు. బ్యాటరీ వేస్తే పనిచేస్తుందిట! ఊళ్లో పాత కెమెరాల వ్యాపారమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది. మూర్ మార్కెట్ 1985లో తగలబడిపోయింది గానీ ఆ మాటకి మాత్రం సెగ తగల్లేదు.

ఆ బ్యాటరీ ఎక్కడా దొరకదని అమ్మేవాడికి తెలుసు, మామయ్యకీ తెలుసు. అందుకే కొంటాడు. యాషికా ఎలక్ట్రో 35నే తీసుకోండి. 1966లో వచ్చిన కెమెరా, 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ తింటుంది. పాదరసం విషమని ఆ బ్యాటరీల తయారీ ఎప్పుడో ఆపేశారు. రిచీ స్ట్రీట్‌లో అడిగితే కౌంటరు దగ్గర కుర్రాళ్లు మొదట నవ్వుతారు, తర్వాత లోపలున్న పెద్దాయన్ని పిలుస్తారు. ఆయన కళ్లజోడు సవరించుకుని, ఆ పేరు విని చాన్నాళ్లయిందని మురిసిపోయి, లేదంటాడు.

పోనీ బ్యాటరీ లేకుండా నొక్కి చూద్దామా అంటే, ఎలక్ట్రో మహా మాయలమారి. కరెంటు లేకపోయినా టక్కుమంటుంది. ఎండయినా చీకటైనా సెకనులో 500వ వంతు, అంతకంటే నిదానం దానికి చేతకాదు. సంతలో ఆ టక్కు విని మోసపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. మామయ్య మోసపోడు. ఇంటికి తెచ్చి వైద్యం మొదలెడతాడు.

ముందు బ్యాటరీ గది మూత తిప్పుతాడు. లోపల ఏ కాలంలోనో కారి గడ్డకట్టిన పచ్చటి చిలుము. చెవి పుల్లకి నిమ్మరసం అద్ది గీకుతాడు. ఆ పూట ఇంట్లో పులిహోర ఉండదు. తర్వాత నాలుగు బొత్తాం సెల్సు, ఒక్కోటి వోల్టున్నర, ఒకదాని మీద ఒకటి పేర్చి దినతంతి పేపరు ముక్కలో బీడీ చుట్టినట్టు చుడతాడు. గొట్టంలో ఇంకా ఖాళీ మిగులుతుంది. బాల్‌పెన్ను స్ప్రింగు ఒకటి, మనవరాలి చాక్లెట్టు తాలూకు వెండి కాగితం ఉండ ఒకటి లోపలికి పోతాయి. మొత్తం ఆరు వోల్టులు. "అర వోల్టు దాకా ఎక్కువైనా యాషికా సర్దుకుంటుందిలే" అని మూత బిగించి వెనక బొత్తాం నొక్కుతాడు. పచ్చ దీపం వెలుగుతుంది.

అసలు పరీక్ష అప్పుడే. వెలుతురు కొలిచే కన్నుని బొటనవేలితో మూసి షట్టరు నొక్కుతాడు. చీకటి పడిందనుకుని కెమెరా షట్టరుని తెరిచే ఉంచుతుంది. ఒక టక్కుకీ రెండో టక్కుకీ మధ్య ముప్ఫై సెకన్ల దాకా పట్టొచ్చు. ఆ సేపంతా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, కుక్కరు కూత వేయకూడదు. రెండో టక్కు వినపడగానే మామయ్య మొహంలో కనిపించే తృప్తి పెళ్లినాటి ఫొటోలో కూడా లేదని అత్తయ్య ఫిర్యాదు.

ఆవిడ బాధలు ఆవిడవి. గోడ గడియారం నాలుగుంబావు దగ్గర ఆగి ఉంటుంది. టీవీ రిమోట్‌కి వెనక మూత తప్ప ఏమీ మిగల్దు. 1976 నాటి కానన్ ఏఈ-1 ఇంటికొచ్చినప్పుడు మరీ అన్యాయం జరిగింది. దానికి ఆరు వోల్టులు లేనిదే షట్టరు కదలదు. బీపీ మిషన్లో నాలుగు సెల్సు, లెక్క సరిగ్గా ఆరు. వాటిని పీకి, పాత ఇయర్‌ఫోన్ వైర్లు పళ్లతో ఒలిచి, "ఒరే అబ్బాయ్, ఈ ప్లస్సు పట్టుకో, చెయ్యి వణక్కూడదు" అని నన్ను నిలబెట్టాడు. సరిగ్గా అప్పుడే అత్తయ్య బీపీ చూసుకోవడానికి వచ్చింది. ఎంతుందో చూడ్డానికి మిషను లేదు గానీ, చూడక్కర్లేకుండానే తెలిసింది.

ఇంత చేసి ఫొటో తీస్తాడా అంటే తీయడు. రోలు వేసి చూడచ్చుగా మామయ్యా అంటే, ఊటీ నుంచి ఇందు ఫిల్ము వచ్చే రోజుల్లో ధర ఎంతో, ఇప్పుడు ఎంతో చెప్పి కూర్చోబెడతాడు. కెమెరా బతికే ఉందని తేలింది, ఇంకేం కావాలి? బతికిన వాటిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేస్తాడు. ఎవరైనా నికాన్ ఎఫ్ఎం తెస్తే మొహం మాడ్చుకుంటాడు. దాని షట్టరుకి బ్యాటరీతో పనే లేదు, మీటరుకి తప్ప. "నా దగ్గరికెందుకు తెచ్చావు?" అని నిష్ఠూరంగా అడుగుతాడు.

2016 డిసెంబరులో వర్దా తుఫాను వచ్చి చెట్లూ స్తంభాలూ కూల్చేసినప్పుడు వీధి వీధంతా చీకటి. చచ్చిన సెల్‌ఫోన్లు పట్టుకుని కుర్రాళ్లు మామయ్య గుమ్మం ముందు చేరారు. ఆయన కొవ్వొత్తి వెలుగులో పేపరు చుట్టలన్నీ బల్ల మీద పరిచాడు.

"ఎన్ని వోల్టులు కావాలి?"

"ఐదు, అంకుల్."

"నా దగ్గర ఆరుంది."

"ఒకటి ఎక్కువైతే ఏమవుతుంది అంకుల్?"

"యాషికా అయితే చెప్పగలను. దీని సంగతి తెలీదు" అంటూ జేబులోంచి టెస్టరు తీశాడు. "మూత విప్పి చూద్దామా?"

ఫోన్లన్నీ మళ్లీ జేబుల్లోకి వెళ్లిపోయాయి.