మల్టీమీటరు కథ

విద్యుత్ స్కూటర్ల మరమ్మతులో స్పానరు కంటే ముందు చేతికి రావలసింది మల్టీమీటరు. బ్యాటరీలో వోల్టేజి ఎంతుందో, వైరు ఎక్కడ తెగిందో, ఏ పార్టు పోయిందో అదే చెప్పాలి. ఈ కథలోని మీటరు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో అమ్ముడై, విజయవాడ ఆటోనగర్‌కు చేరువలోని ఒక విద్యుత్ బండ్ల దుకాణానికి వచ్చింది. పసుపు తొడుగు, మధ్యలో నాబ్, ఎరుపు, నలుపు వైర్లు, లోపల 9 వోల్టుల బ్యాటరీ, ఒక ఫ్యూజు: దాని ఒళ్లు ఇంతే. ఆ దుకాణానికి బండ్ల కొరత ఎన్నడూ లేదు, పనిమంతుల కొరతే ఎప్పుడూ. అందుచేత ఈ మీటరు జీవితమంతా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ గడిచింది.

2019 ఏప్రిల్‌లో కేంద్రం 10,000 కోట్ల రూపాయలతో, విద్యుత్ వాహనాలకు సబ్సిడీ ఇచ్చే ఫేమ్-2 పథకం మొదలుపెట్టింది. 2021 జూన్‌లో ద్విచక్ర వాహనాల సబ్సిడీని, బ్యాటరీ సామర్థ్యంలో ప్రతి కిలోవాట్ అవర్‌కు 10,000 రూపాయల నుంచి 15,000కు పెంచింది. పెట్రోలు లీటరు వంద దాటుతున్న రోజులవి. చేతక్, ఐక్యూబ్, ఏథర్, ఓలా బండ్లు రోడ్ల మీద కనిపించసాగాయి. వాటితోపాటు 250 వాట్లకు మించని మోటరుతో, గంటకు 25 కిలోమీటర్లకు మించని వేగంతో నడిచే చిన్న బండ్లూ వచ్చాయి. వాటికి రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు. నిన్నటిదాకా ఫర్నిచరో సెల్‌ఫోన్లో అమ్మినవాళ్లు కూడా ఏజెన్సీలు తీసుకున్నారు. గది అద్దెకు దొరికింది, బండ్లు లారీలో దిగాయి, మెకానిక్కు మాత్రం ఎక్కడా తయారుగా లేడు.

ఈ మీటరును మొదట పట్టుకున్నది ఆటోనగర్‌లో పేరున్న పెట్రోలు బండ్ల మేస్త్రి. ఇంజను శబ్దం వింటే చాలు, నాడి పట్టిన వైద్యుడిలా జబ్బు చెప్పగలడు. ప్లగ్గు రంగు చూసి కార్బరేటర్ సంగతి చెబుతాడు. విద్యుత్ బండి శబ్దం చెయ్యదు, పొగ వదలదు. ఆయన చెవికీ ముక్కుకీ అక్కడ పని లేకపోయింది. పని మొదలుపెట్టిన కొత్తలోనే బ్యాటరీ వోల్టేజి చూద్దామని ఎర్ర వైరును 10 ఆంపియర్ల సాకెట్లో గుచ్చి, రెండు మొనలూ బ్యాటరీ టెర్మినళ్లకు తాకించాడు. ఆంపియర్ల సాకెట్లో మీటరు నిరోధం దాదాపు సున్నా. అంటే బ్యాటరీని నేరుగా షార్ట్ చేసినట్టే. మెరుపు మెరిసింది, లోపలి ఫ్యూజు పోయింది. ఫ్యూజు ఉండబట్టి మీటరు బతికింది, ఆయన వేళ్లూ దక్కాయి.

అయినా ఆ మేస్త్రి పనికిరానివాడని అనుకోవడం పెద్ద పొరపాటు. దుకాణానికి వచ్చే ఫిర్యాదులు చాలావరకు మోటరువీ కావు, బ్యాటరీవీ కావు. బ్రేకు అరగడం, బేరింగు మోగడం, ముందు ఫోర్కులో ఆయిలు కారడం, చక్రం వంగడం, టైరు పంక్చరు. హబ్ మోటరున్న వెనక చక్రంలో పంక్చరు వేయాలంటే మోటరు వైర్లు తెగకుండా చక్రం ఊడదీయాలి. దానికి పాత మేస్త్రి చెయ్యి కావాలి. కొత్త పనివాళ్ల కోసం పాతవాళ్లను సాగనంపిన యజమానులు ఈ పనుల దగ్గరే చిక్కుకున్నారు.

తరవాత వచ్చినవాడు ఇన్వర్టర్లు, టీవీలు బాగుచేసే కుర్రవాడు. సోల్డరింగ్ ఐరన్ అతని చేతిలో కలంలా నడిచేది. మోటరును నడిపే కంట్రోలరు విప్పి, అందులోని మాస్‌ఫెట్ స్విచ్చులను ఈ మీటరు డయోడ్ మోడ్‌లో ఒక్కొక్కటే చూసేవాడు. కానీ బండి చక్రం ఊడదీయడానికి జంకేవాడు, బ్రేకు సర్దడం రాదు. అతనితో కొన్నాళ్లు పనిచేసిన ఐటీఐ ఎలక్ట్రీషియనుకు ఇళ్ల వైరింగు కొట్టిన పిండి. ఏసీకి అలవాటుపడ్డ అతనికి డీసీ కొత్త. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నా మీదుగా పోతుంది కనుక స్విచ్చు తీస్తే పుట్టిన స్పార్కు ఇట్టే ఆరిపోతుంది. బ్యాటరీ కరెంటుకు ఆ సున్నా లేదు, స్పార్కు సాగుతూనే ఉంటుంది. 60 వోల్టులు పొడి చేతికి తగిలితే పెద్దగా తెలియకపోవచ్చు. అదే స్పానరు రెండు టెర్మినళ్లనూ కలిపితే వందల ఆంపియర్లు ప్రవహించి ఇనుము కరుగుతుంది. ఉంగరం, కడియం తీసి పని మొదలుపెట్టాలన్నది ఈ దుకాణంలో మొదటి నియమం అయింది అందుకే.

ఈ ముగ్గురి పనీ ఒక్క మనిషికి వచ్చి ఉండటం అరుదు. నైపుణ్యం ఉన్న ఉద్యోగి దొరకడంలేదని యజమానులు అన్నప్పుడు నిజానికి వాళ్లు అడుగుతున్నది మూడు వృత్తులు కలిసిన మనిషిని. అలాంటి మనిషి బజారులో ఉండడు, దుకాణంలోనే తయారుకావాలి. ఈ మీటరు చూసిన మంచి మెకానిక్కులంతా ఒకరి పక్కన ఒకరు నిలబడి నేర్చుకున్నవాళ్లే: కుర్రవాడు మేస్త్రికి హాల్ సెన్సరు చూపించాడు, మేస్త్రి కుర్రవాడికి ఫోర్కు విప్పడం నేర్పాడు.

చక్రం ఏ స్థానంలో ఉందో కంట్రోలరుకు చెప్పే ఈ హాల్ సెన్సరు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పార్టులు మార్చే మనిషికీ మెకానిక్కుకీ తేడా అక్కడ బయటపడుతుంది. బండి కుదుపులతో కదిలి ఆగిపోతోందని కస్టమరు వస్తాడు. పార్టులు మార్చేవాడు ముందు కంట్రోలరు మారుస్తాడు, తగ్గకపోతే మోటరు మార్చమంటాడు. మెకానిక్కు మీటరు తీస్తాడు. ముందు బ్యాటరీ: ఆగి ఉన్నప్పుడు వోల్టేజి ఎంత, వెనక చక్రం తిప్పుతూ లోడు పెట్టినప్పుడు ఎంత పడిపోతోంది. 60 వోల్టుల లెడ్ యాసిడ్ బండిలో 12 వోల్టుల బ్యాటరీలు ఐదు వరసగా ఉంటాయి. వాటిలో ఒక్కటి బలహీనమైతే లోడు మీద మొత్తం కుంగుతుంది. అందుకని ఒక్కొక్కదాన్నీ విడిగా చూడాలి. తరవాత త్రాటిల్: వదిలేసినప్పుడు సుమారు ఒక వోల్టు, పూర్తిగా తిప్పితే దాదాపు నాలుగు వోల్టులు రావాలి. ఆ తరవాత మోటరు నుంచి వచ్చే సన్న వైర్లు. ఎరుపులో 5 వోల్టులు, నలుపు గ్రౌండు, మిగతా పసుపు, ఆకుపచ్చ, నీలం హాల్ సెన్సర్ల సిగ్నళ్లు. చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పితే ఆ మూడింటిలో ప్రతిదీ సున్నాకీ ఐదుకీ మధ్య మారుతూ ఉండాలి. కదలకుండా ఒకేచోట నిలిచిపోయినదే పోయిన సెన్సరు. చాలాసార్లు సెన్సరు కూడా బాగానే ఉంటుంది. ప్రెషర్ వాటర్ సర్వీసింగ్ చేయించినప్పుడు కప్లర్‌లోకి నీరు దిగి పిన్ను ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటుంది. పిన్ను శుభ్రం చేస్తే బండి నడుస్తుంది. వేలల్లో పోయే బిల్లు వందల్లో తేలిపోతుంది. ఇంకో పరీక్షకు మీటరు కూడా అక్కర్లేదు: స్విచ్చు ఆఫ్‌లో చక్రం బరువుగా తిరుగుతూ, కంట్రోలరు నుంచి మోటరు లావు వైర్లు తీయగానే తేలికగా తిరిగితే, షార్టు కంట్రోలరులో ఉన్నట్టు.

లిథియం బ్యాటరీలతో వ్యవహారం ఇంత నింపాదిగా ఉండదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగులో ఉన్న స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయాడు. కొద్ది రోజులకే విజయవాడలోనూ అలాగే ఇంట్లో చార్జింగు పెట్టిన బ్యాటరీ పేలి ఒకరు ప్రాణం కోల్పోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో విద్యుత్ బండ్ల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచి, పై అంతస్తుల లాడ్జిలో ఉన్న ఎనిమిది మంది మరణించారు. ఈ వార్తలు వచ్చిన వారాల్లో దుకాణంలోకి అడుగుపెట్టిన ప్రతివారూ బ్యాటరీ పేలుతుందా అన్న ఒకే ప్రశ్న వేశారు, అమ్మేవాళ్ల దగ్గర జవాబు లేదు. కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణమైన ఏఐఎస్-156ను సవరించి, 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి మరో విడత అమలులోకి తెచ్చింది.

లిథియంలో ఎన్‌ఎంసీ రకం సెల్లు నిండినప్పుడు 4.2 వోల్టులు దాటకూడదు. ఎల్‌ఎఫ్‌పీ రకం సెల్లుకు ఆ హద్దు 3.65. ఒకదాని చార్జరు ఇంకొకదానికి పెట్టకూడదు. ప్రతి సెల్లు మీదా కన్నేసి, హద్దు దాటితే బ్యాటరీని కట్ చేసేది బీఎంఎస్ బోర్డు. బండి మాటిమాటికీ ఆగిపోతోందంటే ఆ బోర్డును పక్కనపెట్టి నేరుగా వైరు కలిపే పనివాళ్లున్నారు. బండి వెంటనే నడుస్తుంది, కస్టమరు సంతోషంగా వెళ్తాడు. ఈ మీటరును పట్టిన చేతుల్లో అలాంటి చెయ్యి ఒకటుంది. పని వేగం, సోల్డరింగు నేర్పు, అన్నీ ఉన్నాయి. సంగతి తెలిసిన వారమే యజమాని అతన్ని మాన్పించాడు, బండ్లు వెనక్కి పిలిపించి కలిపిన వైర్లు విప్పించాడు. ఈ వృత్తిలో అసమర్థుడి కంటే, భయంలేని సమర్థుడే ఎక్కువ ప్రమాదం.

మీటరుకు చేతకాని పనులూ ఉన్నాయి. కొత్త బండ్లలో బ్యాటరీ, కంట్రోలరు, డిస్‌ప్లే క్యాన్ లైన్ల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ సందేశాలు చదవాలంటే కంపెనీ సాఫ్ట్‌వేరు, లాప్‌టాప్, లాగిన్ కావాలి. అవి అధీకృత సర్వీసు సెంటరుకే ఇస్తారు. ఎర్రర్ కోడ్లు, సర్వీసు మాన్యువళ్లు ఇంగ్లిషులో ఉంటాయి. తెలుగు మాధ్యమంలో పది చదివి పదేళ్లు పనిచేసిన చెయ్యి ఆ తెర ముందు తడబడుతుంది. ఈ చిన్న అడ్డు వల్ల వృత్తి వదిలేసినవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. తెలుగు మాన్యువళ్లు అచ్చువేయడం కంపెనీలకు పెద్ద ఖర్చు కాదు. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఒక పెద్ద విద్యుత్ స్కూటర్ల కంపెనీకి నోటీసు ఇచ్చినప్పుడు, దాని మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చేరిన ఫిర్యాదులు పదివేలు దాటాయి. బండ్లు అమ్మిన వేగంతో మనుషులను తయారుచేయకపోతే ఏమవుతుందో చెప్పే లెక్క అది.

తయారుచేసే దారులు కొన్ని ఉన్నాయి. పది పాసైనవారికి ఐటీఐలలో మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ అనే రెండేళ్ల కోర్సు ఉంది. తెలంగాణ ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలుపెట్టింది. అక్కడి దీర్ఘకాలిక కోర్సుల్లో ఈ ఎలక్ట్రిక్ వెహికల్ కోర్సు ఒకటి. అప్రెంటిస్ చట్టం కింద 30 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాలి, నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్నవి ఇష్టమైతే తీసుకోవచ్చు. స్టైపెండులో పావు వంతు, నెలకు 1,500 రూపాయలు మించకుండా, కేంద్రం భరిస్తుంది. ముగ్గురితో నడిచే దుకాణం ఆ లెక్కలోకి రాదు. ఈ రంగంలో అలాంటి దుకాణాలే ఎక్కువ కనిపిస్తాయి.

నేర్చుకున్నవాళ్లు నిలవకపోవడానికి కారణం బండిలోనే ఉంది. పెట్రోలు బండికి ఇంజను ఆయిలు, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు క్రమం తప్పకుండా మార్చాలి, ఆ రాబడి మీద దుకాణం నడుస్తుంది. విద్యుత్ బండిలో అవేవీ లేవు. యజమానికి మిగిలేది బ్రేకు ప్యాడ్లు, టైర్లు, శ్రమ ఖరీదు. కస్టమరు పార్టుకు డబ్బిస్తాడు కానీ అరగంట మీటరు పెట్టి చూసినందుకు ఇవ్వడానికి వెనకాడతాడు. జీతం పెరగదు, చెయ్యి తిరిగినవాడు బెంగళూరుకో హైదరాబాద్‌కో వెళ్లిపోతాడు. పరీక్షకు విడిగా రుసుము పెట్టి, బిల్లు మీద దాన్ని స్పష్టంగా రాసినప్పుడే ఈ దుకాణంలో మనుషులు నిలవడం మొదలైంది.

అమ్మకాల ఉద్యోగానికి వచ్చినవాళ్లలోనూ ఇదే కొరత: మాటకారులకు కొదవ లేదు, లెక్క చెప్పేవాళ్లే తక్కువ. మూడు కిలోవాట్ అవర్ల బ్యాటరీ, కిలోమీటరుకు 30 వాట్ అవర్ల ఖర్చయితే, 100 కిలోమీటర్లు వస్తుంది. వెనక మనిషి కూర్చుంటే, ఫ్లైఓవర్లు ఎక్కితే, వేగం పెంచితే అది తగ్గుతుంది. ఈ మాట ముందే చెప్పిన అమ్మకందారు దగ్గర కొన్నవాడు తిరిగొచ్చి గొడవ పడడు. అడగవలసిన ప్రశ్నలూ ఉన్నాయి. రోజూ ఎంత దూరం? ఇల్లు ఎన్నో అంతస్తు, పార్కింగులో ప్లగ్గు ఉందా? విజయవాడ వన్‌టౌన్‌లో కొండ మీది ఇళ్లకు బండి మెట్ల కిందే ఆగిపోతుంది. అలాంటివారికి ఊడదీసి మోసుకుపోగల బ్యాటరీ కావాలి. 2023 జూన్‌లో ఫేమ్-2 సబ్సిడీ కిలోవాట్ అవర్‌కు 10,000కు, బండి ధరలో 40 శాతం ఉన్న పరిమితి 15 శాతానికి తగ్గినప్పుడు ధరలు ఒక్కసారిగా పెరిగాయి. కారణం విడమరిచి చెప్పగలిగినవాళ్లే ఆ నెలలో కొనుగోలుదారులను నిలుపుకున్నారు. ఖమ్మం, కోదాడ వైపు నుంచి వచ్చేవారికి తెలంగాణలో రిజిస్టరయ్యే విద్యుత్ బండ్లకు 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను మినహాయింపు ఉందని చెప్పడమూ అమ్మకంలో భాగమే, బేరం పోయినా సరే. ఈ దుకాణంలో అమ్మకానికి చేరినవారు ముందు కొన్నాళ్లు షెడ్డులో పనిచేయాలి. అలా వచ్చిన ఒక పాలిటెక్నిక్ అమ్మాయి హాల్ సెన్సర్ల పరీక్ష నేర్చుకున్నాకే కౌంటరు దగ్గరకు వెళ్లింది. కస్టమర్లు ధర కోసం యజమానిని అడిగినా, బండి గురించి ఆమెనే అడుగుతారు.

ఇప్పుడు డీసీ కరెంటును వైరు తెంచకుండా కొలిచే క్లాంప్ మీటరు వచ్చి రోజువారీ పని తీసుకుంది. పాత మీటరు నాబ్ మీది అంకెలు అరిగాయి, రీడింగు మాత్రం తప్పదు. దాన్ని కొత్తగా చేరడానికి వచ్చినవారి పరీక్షకు ఉంచారు. ఎర్ర వైరును కావాలనే 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి, 12 వోల్టుల బ్యాటరీ పక్కన మీటరును బల్ల మీద ఉంచుతారు. వచ్చినవాడు మొనలు తాకించే ముందు సాకెట్లు చూసుకోవాలి, వైరు మార్చాలి, నాబ్‌ను డీసీ వోల్టులకు తిప్పాలి, ఉంగరం తీయాలి. వచ్చిన రీడింగును జాబ్ కార్డులో తెలుగులోనో ఇంగ్లిషులోనో రాయాలి. సాకెట్టు చూడకుండా చెయ్యి కదిలినవాణ్ణి యజమాని మధ్యలోనే ఆపుతాడు, ఇంటికి మాత్రం పంపడు. మరో వారం షెడ్డులో మేస్త్రి పక్కన నిలబడి చూసి మళ్లీ రమ్మంటాడు.