కందిరీగ శాసనానికి టీకా తాత్పర్యం

మూలం: “ఇందుమూలముగా సమస్త నివాసితులకు తెలియజేయునది ఏమనగా, మన ప్రాంగణమునందు కందిరీగలు గూళ్ళు కట్టుచున్న విషయము కమిటీ దృష్టికి తీసుకురాబడినది. ఈ విషయమై తగు చర్యలు తీసుకొనబడును. అందరు సహకరించవలెను. ఇట్లు, కార్యవర్గము.”

అవతారిక: ఈ శాసనం హైదరాబాదులో నేనుండే అపార్ట్‌మెంటులో, లిఫ్టు తలుపు పక్క గోడ మీద, నాలుగు మూలలా సెల్లోటేపుతో ప్రతిష్ఠితమై ఉంది. కాలం ఆగస్టు 30. కాలనిర్ణయానికి ఆధారం ఉంది. ముందురోజు గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజని కింద హాల్లో తెలుగు భాషా దినోత్సవం జరుపుకున్నాం. వాడుకభాష కోసం ఆయన పడ్డ పాట్ల గురించి సెక్రటరీగారు పావుగంట మాట్లాడారు, సమోసా తిన్నారు, ఇంటికెళ్ళి ఇది రాశారు.

వ్యాఖ్యాతలకు తలమానికమైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చి మరీ కాళిదాసు ముందు కూచున్నాడు. మెతుకుసీమ కొల్చారం వాడంటారు, మాటంటే మాటే. నేను అందులో మొదటి సగానికి మాత్రం పూచీ పడగలను.

ఇక ప్రతిపదార్థం. ఇందుమూలముగా = దీని మూలంగా. దేని మూలంగా? ఈ కాగితం మూలంగానే. అంటే కాగితం తన్ను తానే తెలియజేసుకుంటోంది. వేదాంతులు ఈ స్వయంప్రకాశత్వాన్ని బ్రహ్మానికి చెప్పారు, మా కమిటీ ఏ4 సైజుకు చెప్పింది. సమస్త నివాసితులకు = ఇక్కడ ఉంటున్న అందరికీ. కందిరీగలు ఈ పదంలోకి వస్తాయా రావా అని సందేహం. జూన్ నుంచీ ఇక్కడే ఉంటున్నాయి కాబట్టి వస్తాయి. మెయింటెనెన్సు కట్టవు కదా అంటే, ఆ లెక్కన రెండో అంతస్తులో ఇద్దరు గృహస్థుల్ని కూడా తీసెయ్యాల్సొస్తుంది. ప్రాంగణమునందు, గూళ్ళు, కట్టుచున్న: స్పష్టం.

కందిరీగలు. ఇక్కడ కాస్త ఆగాలి. అమరకోశం దీన్ని గంధోలి అనీ వరట అనీ అంటుంది, అదీ సింహాదివర్గంలో. సింహంతో మొదలైన వర్గంలో పులీ పందీ దాటి వచ్చి, దోమల పక్కన దీనికీ ఒక ఆసనం వేశారు. అమరసింహుడికి ఇది సింహం పక్క జీవి. మా కమిటీ అజెండాలో మాత్రం ఎనిమిదో అంశం, ‘ఇతరములు’.

మన ఇళ్ళ చుట్టూ గూళ్ళు కట్టేవాటిలో రెండు తెగలు ముఖ్యం. మట్టిది ఒకటి, కాగితంది ఒకటి. మట్టి తెగ ఒంటరిది. తడిమట్టి ఉండలు తెచ్చి గోడ మూలన, స్విచ్‌బోర్డు పక్కన, చదవని పుస్తకం వీపు మీద గూడు పెడుతుంది. దాని జోలికి పోకపోతే అది మన జోలికి రాదు. అయితే మన వేదాంతమంతా ఒకప్పుడు ఈ మట్టిగూడు ముందు చతికిలబడి కూచుంది. భ్రమరకీటన్యాయం అంటే ఇదే. భ్రమరం ఒక పురుగును తెచ్చి గూట్లో పెట్టి తలుపు మూస్తుంది. పురుగు భయంతో భ్రమరాన్నే తలచుకుని తలచుకుని చివరికి తానే భ్రమరమై ఎగిరిపోతుంది. జీవుడు బ్రహ్మాన్ని ధ్యానించి బ్రహ్మమైనట్టు. చిన్నప్పుడు మా తాతగారు అరుగు మీద ఈ కథ చెబుతుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచేది.

తర్వాత తెలిసిన సంగతికి ఇంకా ఎక్కువ గగుర్పొడిచింది. మట్టిగూడు కట్టి పురుగును దాచేది తుమ్మెద కాదు, కందిరీగే. అది గొంగళిపురుగును (కొన్ని జాతులైతే సాలీడును) కొండితో కుట్టి కదలకుండా చేస్తుంది గాని చంపదు, చస్తే కుళ్ళిపోతుంది కాబట్టి. గూట్లో గుడ్డు పెట్టి, ఈ తాజా సరుకు నింపి, మట్టితో మూసేస్తుంది. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరిగి, రెక్కలొచ్చాక గోడకు కన్నం పెట్టి బయటపడుతుంది. లోపలికి వెళ్ళింది పురుగు, బయటికొచ్చింది కందిరీగ. పూర్వులు చూసింది అబద్ధం కాదు. మధ్యలో జరిగింది ధ్యానం అనుకున్నారు, జరిగింది భోజనం. అసోసియేషన్‌లో చేరితే అపార్ట్‌మెంటు బాగుపడుతుందని నమ్మి వెళ్ళిన మా నాలుగో అంతస్తు రిటైర్డు మాస్టారిని చూస్తే నాకీ న్యాయమే గుర్తొస్తుంది. ఆయన వెళ్ళింది జనవరిలో. ఏప్రిల్‌కల్లా ఆయన ఫ్లాటులోంచి “గమనించబడినది” అన్న మాట వినిపించింది.

రెండోది కాగితం తెగ. కర్రపీచు కొరికి, ఉమ్మితో ముద్ద చేసి, ఆరు పలకల గదులు కడుతుంది. గూడంతా ఒక సన్నటి కాడకు వేలాడుతుంది. చీమలు ఎక్కకుండా ఆ కాడకు తన ఒంట్లోని ద్రవం పూసుకుంటుంది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గదగ్‌కర్ ఈ తెగలో రోపాలిడియా మార్జినేటా అనే జాతిని దశాబ్దాల పాటు గమనించారు. ఆ గూట్లో రాణి పరమ సాధువు. దాన్ని తీసేస్తే కూలీల్లో ఒకటి ఉన్నట్టుండి మిగతావాటి మీద విరుచుకుపడటం మొదలెడుతుంది. అదే రాబోయే రాణి. పదవి స్థిరపడ్డాక అదీ సాధువే. మా అసోసియేషన్ ఎన్నికలు చూసినవాళ్ళకు దీనికి వేరే టీక అక్కర్లేదు.

ఎక్కడున్నాం? ఆఁ, లిఫ్టు దగ్గర.

దృష్టికి తీసుకురాబడినది. ఈ క్రియకు కర్త లేడు. ఉన్నాడు, నేనే. జూన్ రెండో వారంలో మూడో అంతస్తు మెట్ల కిటికీ బయట, ఏసీ పెట్టె వెనకాల, నిమ్మకాయంత గూడు కనిపించింది. ఆరేడు గదులు, ఒక్కటే ఈగ. సెక్రటరీగారికి చెప్పాను. రాసివ్వమన్నారు. రాసిచ్చాను. ఫ్లాటు నంబరు వెయ్యలేదని వెనక్కిచ్చారు. నంబరు వేసి ఇచ్చేసరికి గూడు సాసరంత అయింది, జూలై చివరికి అన్నం పళ్ళెమంత. అంత కథా ‘బడినది’లో పడి మాయమైంది. మామూలుగా మాట్లాడేటప్పుడు తెలుగువాడు ఈ ‘బడు’ను వాడడు. అన్నం తినబడిందని ఎవరూ చెయ్యి కడుక్కోరు. పని చెయ్యనివాడికే ఇది అవసరం.

నువ్వే కర్రతో తోసెయ్యొచ్చుగా అని పూర్వపక్షం. ఒక్కటే ఈగ ఉన్న రోజుల్లో సాయంత్రం చీకటి పడ్డాక పొడుగాటి కర్రతో తోస్తే ఆ పని అయిపోయే మాట నిజమే. మళ్ళీ కడితే మళ్ళీ తొయ్యడమే. వారానికోసారి సన్‌షేడ్ల కిందా, ఏసీ పెట్టెల వెనకా, మీటర్ల బోర్డు దగ్గరా తలెత్తి చూసి, పైపు కన్నాలు పూడ్చి, వెంటిలేటర్లకు మెష్ కొడితే ఇంత దూరం రాదు. పెద్దదయ్యాక మాత్రం మనం పోకూడదు. కిరసనాయిలు కాగడాలతో అసలు పోకూడదు. ఒంటినిండా తొడుగు వేసుకుని వచ్చే పనివాళ్ళను రాత్రిపూట పిలిపించాలి. ఇక సమాధానం: కామన్ ఏరియాలో కమిటీ అనుమతి లేకుండా ఎవరూ చెయ్యి పెట్టరాదని ఇంకో శాసనం ఉంది. నిజం చెప్పొద్దూ, నాకు భయం కూడా.

తగు చర్యలు తీసుకొనబడును. ఎప్పుడు? భవిష్యత్తు అనుకుంటారు పామరులు. వ్యాకరణం తెలిసినవాళ్ళు దీన్ని తద్ధర్మార్థకం అంటారు. సూర్యుడు తూర్పున ఉదయించును అన్నట్టు, కాలంతో పనిలేని స్వభావాన్ని చెప్పే క్రియ. చర్యలు తీసుకొనబడుట మా కమిటీ స్వభావము. నిన్నా అంతే, రేపూ అంతే. కాబట్టి తేదీ అడగడం వ్యాకరణ విరుద్ధం. ఇక ‘చర్యలు’ అని బహువచనం ఎందుకంటే, మొదటి చర్య ఈ నోటీసు, రెండోది దాన్ని అంటించడం. కందిరీగ కాగితం చేస్తే అందులో పిల్లల్ని పెంచుకుంటుంది. మావాళ్ళు చేసిన కాగితం గోడకు వేలాడటానికే.

అందరు సహకరించవలెను. సహకరించింది ఒక్కరే. మెట్లు ఊడ్చే ఆవిడ. ఆగస్టు 21న కిటికీ చువ్వల బూజు దులుపుతుంటే చీపురు కొస గూటికి తగిలింది. తేనెటీగ కొండికి ముళ్ళుంటాయి, ఒంట్లో చిక్కుకుని ఊడిపోతుంది, దాంతో అదీ చస్తుంది. కందిరీగ కొండి అలా చిక్కుకోదు, ఎన్నిసార్లయినా కుడుతుంది. ఆవిడను బుగ్గ మీద రెండుసార్లు, కంటిరెప్ప మీద ఒకసారి కుట్టాయి. పక్కింటివాళ్ళు ఉల్లిపాయ రుద్దారు, వాచ్‌మన్ సున్నం తెచ్చాడు. సాయంత్రానికి కన్ను మూసుకుపోయింది. రెండు రోజులు పనిలోకి రాలేదు. ఆ రెండు రోజులకూ జీతం కోశారు. దానికి మాత్రం రాసివ్వమని ఎవరూ అడగలేదు.

తాత్పర్యం: గూడు ఉంది.

నిన్న పొద్దున ఆవిడ లిఫ్టు దగ్గర కనిపించి, “సారూ, గా కాయితంల ఏం రాసిండ్రు?” అని అడిగింది. పదం పదం విడదీసి చదివి చెప్పాను. చీపురు చంకలో పెట్టుకుని చివరిదాకా ఓపిగ్గా విన్నది.

“నా రెండు దినాల పైసల ముచ్చట ఉన్నదా అండ్ల?”

టీకాకారుడు మూలం మళ్ళీ మొదటినుంచీ చూశాడు. లేదు.